ఈ ప్యాకేజీ ఎవరి చేతి మీదుగా వచ్చింది? డెస్క్‌టాప్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే భద్రమైన దారులు

(నల్లగొండలో ఉపాధ్యాయులు, డీటీపీ, ఇంటర్నెట్ సెంటర్ల నిర్వాహకులు, కళాశాల విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ నుంచే కాక జడ్చర్ల నుంచి కూడా మిత్రులు వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అంత దూరం నుంచి వచ్చినందుకు మీకు నా కృతజ్ఞతలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు మన బడుల్లో, షాపుల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే దాని రూపాలైన లినక్స్ మింట్‌కో ఉబుంటుకో మారుతున్నాయి, అది సంతోషించవలసిన విషయమే. అయితే మనతోపాటు ఒక పాత అలవాటు కూడా లినక్స్‌లోకి వస్తోంది. కావలసిన ప్రోగ్రాము పేరు గూగుల్‌లో కొట్టడం, మొదట కనిపించిన సైటు తెరవడం, పెద్దగా మెరుస్తున్న డౌన్‌లోడ్ బటన్ నొక్కడం, ఆ తరువాత అడిగినవాటన్నిటికీ ఎస్ అంటూ పోవడం. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ అలవాటు గురించే.

"లినక్స్‌కు వైరస్ రాదు కదా సార్" అని నన్ను చాలామంది అడుగుతారు. మనంతట మనమే సర్వాధికారాలిచ్చే సుడో అనే ఆదేశం కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, లోపలికి పిలిచినదాన్ని ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఆపగలదు చెప్పండి? ఇన్‌స్టాల్ చేయడమంటే ఒక మనిషిని నమ్మి, అతను రాసిన ఆదేశాలను మన కంప్యూటర్‌లో సర్వాధికారాలతో నడవనివ్వడం. కాబట్టి ప్రోగ్రాము మంచిదా కాదా అన్నది తరువాతి ప్రశ్న. ఇది ఎవరి చేతి మీదుగా వచ్చింది, రేపు దీనిలో లోపం బయటపడితే సరిచేసి పంపేది ఎవరు? ముందుగా అడగవలసినవి ఇవి. ఈ రెండు ప్రశ్నలనే ఈ గంటలో మళ్లీ మళ్లీ అడుగుతాను, విసుగు చెందవద్దు.

మొదటి దారి మీ డిస్ట్రో (మింట్, ఉబుంటు వంటి లినక్స్ రూపం) సొంత రిపోజిటరీ, అంటే ప్యాకేజీలుగా కట్టిన ప్రోగ్రాముల భాండాగారం. దాన్ని అందుకునేది మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌తో, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఆప్ట్‌తో, ఫెడోరా అనే డిస్ట్రో వాడేవారైతే డీఎన్ఎఫ్‌తో. ఇందులో ఏం దొరుకుతుందిలే అని దీన్ని తక్కువగా చూస్తాం. ఉబుంటు, మింట్‌లకు మూలమైన డెబియన్ అనే డిస్ట్రో ఉంది కదా, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. డీటీపీ చేసేవారు ఇక్కడ ఉన్నారు కదా, మీకోసం చెబుతున్నాను. పోతన 2000, వేమన 2000 ఫాంట్ల కోసం ఏవేవో సైట్లలో జిప్ ఫైళ్లు వెతకవలసిన పని లేదు, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో అవి ఉన్నాయి. స్కాన్ చేసిన తెలుగు పేజీని అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్‌కు తెలుగు డేటా కూడా టెస్సరాక్ట్-ఓసీఆర్-టెల్ పేరుతో రిపోజిటరీలోనే ఉంది. బయట వెతికే ముందు లోపల ఒకసారి వెతకండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

లోపల ఉన్నది భద్రమని ఎలా నమ్మాలి? ఇది నిదానంగా చూద్దాం, ఎందుకంటే నేను తరువాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది. మీరు ఆప్ట్ అప్‌డేట్ అని కొట్టగానే సర్వర్ నుంచి రిలీజ్ అనే చిన్న ఫైలు వస్తుంది, దాని మీద డిస్ట్రో వారి జీపీజీ సంతకం, అంటే వారు తప్ప మరొకరు వేయలేని డిజిటల్ ముద్ర ఉంటుంది. ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీలు మీ కంప్యూటర్‌లో ముందే ఉన్నాయి. రిలీజ్ ఫైలులో ప్యాకేజీల జాబితాలకు సంబంధించిన ఎస్‌హెచ్ఏ 256 విలువలు, అంటే ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన వేలిముద్రల వంటి సంఖ్యలు రాసి ఉంటాయి, ఆ జాబితాలలో ఒక్కొక్క ప్యాకేజీ విలువ రాసి ఉంటుంది. మీరు దింపుకున్న ఫైలులో ఒక్క బైటు మారినా ఆ విలువ కలవదు, ఆప్ట్ దాన్ని ఇన్‌స్టాల్ చేయనని మొరాయిస్తుంది. సంతకం నుంచి జాబితా, జాబితా నుంచి ప్యాకేజీ, ఇలా గొలుసు తెగకుండా వస్తుంది. డెబియన్, ఉబుంటు సర్వర్ చిరునామాలు చాలా కాలంగా ఉత్త హెచ్‌టీటీపీతోనే మొదలవుతున్నాయి. బ్రౌజర్‌లో అయితే తాళం గుర్తు లేదని భయపడతాం, మరి ఇక్కడ పర్వాలేదా? పర్వాలేదు. దారిలో ఎవరైనా ఫైలును మార్చితే సంతకం దగ్గర దొరికిపోతారు. మీరు ఏ ప్యాకేజీ దింపుతున్నారో దారిలో ఉన్నవారికి తెలుస్తుంది, అంతవరకే.

ఇప్పుడు ముందు వరుసలో ఎవరో ఒకరికి రావలసిన సందేహం ఒకటి ఉంది. ఆ పబ్లిక్ కీలు ముందే కంప్యూటర్‌లో ఉన్నాయన్నాను కదా, అవి ఎక్కడి నుంచి వచ్చాయి? మీరు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేసిన ఐఎస్ఓతో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలుతోపాటు వచ్చాయి. ఆ ఐఎస్ఓనే నకిలీది అయితే గొలుసు మొదటి కడియమే నకిలీది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకును తమ ఐఎస్ఓ వైపు తిప్పారు, అందులో దొంగ తలుపు, అంటే బయటివారు రహస్యంగా చొరబడే దారి పెట్టి ఉంది. ఆ రోజు అసలు సైటుకే వెళ్లి, సరైన బటన్ నొక్కినవారికే నకిలీ ఐఎస్ఓ దొరికింది. సైటులో రాసిన చెక్‌సమ్‌తో, అంటే ఇందాక చెప్పిన ఎస్‌హెచ్ఏ 256 వంటి విలువతో పోల్చి చూస్తే సరిపోదా అంటారు. సైటే దొంగల చేతిలో ఉన్నప్పుడు అదే పేజీలోని చెక్‌సమ్‌ను మార్చడం వాళ్లకు కష్టమా? అందుకే చెక్‌సమ్ ఫైలుకు పక్కనే సంతకం ఫైలు కూడా ఇస్తారు, ఆ సంతకాన్ని సరిచూసే పద్ధతి మింట్ వారి ఇన్‌స్టలేషన్ గైడ్‌లో ఉంది. ఒక్క ఐఎస్ఓకు పావుగంట పని. ఒకే పెన్‌డ్రైవ్‌తో బడిలోని కంప్యూటర్లన్నిటికీ వేసే ఉపాధ్యాయులు ఈ పావుగంటను మిగుల్చుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక డెబ్ ఫైలు, అంటే డెబియన్, ఉబుంటు, మింట్‌లలో ప్యాకేజీ ఉండే ఫైలు దగ్గరికి వద్దాం. వెబ్‌సైటు నుంచి విడిగా ఒక డెబ్ ఫైలు దింపుకొని, దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తారు. అది కూడా డెబ్, రిపోజిటరీ నుంచి వచ్చేది కూడా డెబ్, మరి తేడా ఏముంది? ఇందాక చెప్పిన గొలుసును గుర్తు చేసుకోండి. సంతకం ఉన్నది రిలీజ్ ఫైలు మీద, మామూలుగా డెబ్ ఫైలు మీద సంతకం ఉండదు. రిపోజిటరీ నుంచి విడివడి మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వచ్చిన డెబ్‌కు సంతకం లేదు, దాన్ని ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ అనే ప్రోగ్రాము సంతకం అడగదు కూడా. మన పాలమూరు, నల్లగొండ పత్తి రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. లైసెన్సున్న దుకాణంలో బిల్లుతో, లాట్ నంబరుతో కొన్న విత్తనమూ, ఎవరో ఇంటికి తెచ్చి అమ్మిన లూజు విత్తనమూ చేతిలో పట్టుకుంటే ఒకేలా ఉంటాయి, మొలక రానప్పుడు ఎవరిని అడగాలో తెలిసేది మొదటిదానికే.

డెబ్ ఫైలు లోపల ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? ఆర్కైవ్ మేనేజర్‌తో తెరిచి చూడండి. ప్రోగ్రాము ఫైళ్లు ఒకవైపు ఉంటాయి, కంట్రోల్ అనే భాగం ఇంకోవైపు ఉంటుంది. ఆ కంట్రోల్ భాగంలో పోస్ట్ఇన్‌స్ట్ అనే స్క్రిప్టు, అంటే ఆదేశాల ఫైలు ఉండవచ్చు. ఇన్‌స్టాల్ ముగిసే క్షణంలో అది రూట్ అధికారంతో, అంటే సర్వాధికారాలతో నడుస్తుంది. మీరు ఆ ప్రోగ్రామును ఒక్కసారి కూడా తెరవకపోయినా ఆ స్క్రిప్టు మాత్రం నడిచి తీరుతుంది. 2023 సెప్టెంబరులో కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టిన ఉదంతం ఒకటి చెబుతాను. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ అనే ప్రోగ్రాము సైటులో 2020 నుంచి 2022 దాకా, లినక్స్ వెర్షన్ కోసం వచ్చినవారిలో కొందరిని మాత్రమే వేరే డొమైన్‌కు మళ్లించి, మార్చిన డెబ్ ఫైలు అందించారు. అందులో ప్రోగ్రాము ఉంది, చక్కగా పనిచేసింది. పోస్ట్ఇన్‌స్ట్ స్క్రిప్టు మాత్రం రెండు ఫైళ్లను వార్ టీఎంపీ ఫోల్డర్‌లో వదిలి, ప్రతి పది నిమిషాలకు ఒకసారి అందులో ఒకటి నడిచేలా క్రాన్‌లో, అంటే వేళకు పనులు నడిపే వ్యవస్థలో పని పెట్టింది. చివరికి అది చేసేదేమిటి? బ్రౌజర్ చరిత్రను, దాచుకున్న పాస్‌వర్డ్‌లను, క్రిప్టో వాలెట్ ఫైళ్లను పోగుచేసి బయటికి పంపడం. ఆ క్రాన్ పని తమ కంప్యూటర్‌లో ఎందుకుందని ఇంటర్నెట్‌లో ప్రశ్నలు అడిగినవారు కూడా ఉన్నారు, అది దొంగ పని అని వారికి స్ఫురించలేదు. డౌన్‌లోడ్ చేసింది అసలు సైటు నుంచే కదా, ఎందుకు అనుమానిస్తారు?

కాబట్టి విడి డెబ్ తప్పనిసరి అయినప్పుడు, అంటే ఆ ప్రోగ్రాము రిపోజిటరీలో లేనప్పుడు, తయారీదారు సొంత డొమైన్ చిరునామాను చేత్తో టైపు చేసి వెళ్లండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన లింకును నొక్కవద్దు. ఫైలు దింపాక కంట్రోల్ భాగం తెరిచి పోస్ట్ఇన్‌స్ట్ చదవండి. పూర్తిగా అర్థం కాకపోయినా, ఇంటర్నెట్ నుంచి ఇంకేదో దింపుతోందా, క్రాన్‌ను ముట్టుకుంటోందా అన్నది కనిపిస్తుంది. విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం కూడా.

కొన్ని డెబ్ ఫైళ్లు మరో పని చేస్తాయి. గూగుల్ క్రోమ్ డెబ్ ఇన్‌స్టాల్ చేస్తే గూగుల్ రిపోజిటరీ మీ జాబితాలో చేరుతుంది. ఇది ఒక రకంగా మేలే, అప్‌డేట్‌లు సంతకంతో వస్తాయి. అయితే రిపోజిటరీని చేర్చుకోవడమంటే ఏమిటో తెలిసి చేర్చుకోవాలి. రిపోజిటరీ యజమాని రేపు మీ సిస్టమ్‌లో టెర్మినల్ ఆదేశాలను నడిపే బాష్ ప్యాకేజీ పేరుతోనే, ఇంకా పెద్ద వెర్షన్ నంబరుతో ఒక ప్యాకేజీ పెట్టాడనుకోండి. ఆప్ట్ ఏం చేస్తుంది? మనం వేరే నియమం రాసి పెట్టకపోతే, పెద్ద నంబరును చూసి దాన్నే తెచ్చి వేస్తుంది. ఒక ప్రోగ్రాము కోసం చేర్చిన రిపోజిటరీ మొత్తం సిస్టమ్‌నే మార్చగలదు, అదీ ఒకసారి కాదు, జాబితాలో ఉన్నంత కాలం. ఉబుంటు పీపీఏల, అంటే వ్యక్తులు పెట్టుకునే సొంత రిపోజిటరీల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి. లాంచ్‌ప్యాడ్ అనే ఉబుంటు వారి సైటులో ఖాతా తెరిచిన ఎవరైనా పీపీఏ పెట్టవచ్చు, అందులోని ప్యాకేజీలను ఉబుంటు వారు పరిశీలించరు. పాత గైడ్‌లలో ఆప్ట్-కీ యాడ్ అనే ఆదేశం కనిపిస్తే ఆ గైడ్‌ను పక్కన పెట్టేయండి. ఆ పద్ధతిలో చేర్చిన కీ ఏ రిపోజిటరీకైనా చెల్లుతుంది. కీని ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్‌లో ఉంచి, సైన్డ్-బై అనే పదంతో ఆ ఒక్క రిపోజిటరీకే కట్టివేయడం ఇప్పటి పద్ధతి.

ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌పాక్ అనే ప్యాకేజీ పద్ధతి గురించి చాలామంది చీటీలు పంపారు. ఇది మంచి దారి, నేను డిస్ట్రో రిపోజిటరీ తరువాత దీనికే ఓటు వేస్తాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ అధికారంతో నడిచే స్క్రిప్టు ఉండదు, ప్రోగ్రాము శాండ్‌బాక్స్, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసే కంచె లోపల నడుస్తుంది. అలాగని శాండ్‌బాక్స్ అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండవద్దు. ప్రోగ్రాము ఏయే అనుమతులు కోరుతుందో దాన్ని ప్యాకేజీ చేసినవారే రాస్తారు. హోమ్ ఫోల్డర్ మొత్తం కావాలని రాసుకున్న ప్రోగ్రాముకు మీ ఫొటోలు, పత్రాలు అన్నీ తెరిచిన పుస్తకమే. ఫ్లాట్‌పాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ సైటులో, ఆ ప్రోగ్రాము పేజీలో ఆ అనుమతులు కనిపిస్తాయి, ఇన్‌స్టాల్ చేశాక ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రాముతో వాటిని తగ్గించవచ్చు. లెక్కలు చేసే కాలిక్యులేటర్‌కు హోమ్ ఫోల్డర్ దేనికి? అడగండి, తీసివేయండి.

ఫ్లాట్‌హబ్‌లో ఇంకొకటి చూడవలసి ఉంది. పేరు పక్కన వెరిఫైడ్ గుర్తు ఉంటే ఆ ప్రోగ్రామును తయారుచేసినవారే అక్కడ పెట్టారని అర్థం, కోడ్ అంతా ఎవరో చదివి ముద్ర వేశారని కాదు. ఫైర్‌ఫాక్స్‌ను మొజిల్లా వారే పెట్టారు. క్రోమ్‌ను మాత్రం గూగుల్ పెట్టలేదు, ఔత్సాహికులు కట్టి పెట్టారు, ఆ మాట ఆ పేజీలోనే రాసి ఉంది. 2024లో వచ్చిన మింట్ 22 నుంచి వెరిఫైడ్ కాని ఫ్లాట్‌పాక్‌లను సాఫ్ట్‌వేర్ మేనేజర్ మామూలుగా చూపదు. ఆ అమరికను మార్చకుండా అలాగే ఉంచండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవారికి ఒక సూచన: మొదటి ఫ్లాట్‌పాక్‌తో రన్‌టైమ్, అంటే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్ల మూట కూడా దిగుతుంది, అది వందల మెగాబైట్లు ఉంటుంది, ఆ రోజు డేటా చూసుకోండి.

స్నాప్ ఉబుంటు వారి ప్యాకేజీ పద్ధతి, అందులోనూ శాండ్‌బాక్స్ ఉంది. 2018 మేలో స్నాప్ స్టోర్‌లో 2048బుంటు అనే ఆటలో క్రిప్టో మైనర్, అంటే మన కంప్యూటర్ శక్తితో ఇతరులకు క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రాము దాచి ఉన్నట్టు బయటపడింది. 2024 ఫిబ్రవరిలో ఎక్సోడస్ అనే క్రిప్టో వాలెట్ పేరుతో స్టోర్‌లో ఎవరో పెట్టిన నకిలీ స్నాప్‌ను నమ్మి, ఒక వ్యక్తి తన వాలెట్ తెరిచే రహస్య పదాలను అందులో టైపు చేసి సుమారు 9 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. శాండ్‌బాక్స్ అక్కడ ఏం చేయగలదు? ఫైళ్లను కాపాడుతుంది. మన చేతితో మనమే టైపు చేసి ఇచ్చినదాన్ని కాపాడలేదు. బ్యాంకు, చెల్లింపులు, డిజిటల్ సంతకాలు, వీటి జోలికి వచ్చే ప్రోగ్రాము ఏదైనా స్టోర్‌లో ఉందన్న ఒక్క కారణంతో నమ్మవద్దు. పెట్టింది ఎవరో చూడండి.

మిగిలినవి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైలైన యాప్‌ఇమేజ్ సౌకర్యమైనదే, కానీ దానంతట దానికి శాండ్‌బాక్స్ లేదు, చాలావాటికి అప్‌డేట్ కూడా మనమే వెతికి తెచ్చుకోవాలి. పైథాన్ నేర్చుకునే విద్యార్థులారా, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ ఆదేశం కొట్టినప్పుడు సిస్టమ్ వద్దని హెచ్చరిస్తే, బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే పదాలు తగిలించి ముందుకు పోవద్దు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే సిస్టమ్‌ను తాకకుండా ఆ పనికే వేరుగా ఉండే ఫోల్డర్ చేసుకోండి. ఆర్చ్ అనే డిస్ట్రో వాడేవారు ఏయూఆర్ గురించి, అంటే వాడేవారే ప్యాకేజీలు పెట్టే చోటు గురించి జాగ్రత్త పడాలి. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రేవుల్ఫ్ వంటి బ్రౌజర్ల పేర్లు తగిలించుకున్న ప్యాకేజీలలో అక్కడ రిమోట్ కంట్రోల్ మాల్‌వేర్ దొరికింది. ఇంటర్నెట్ నుంచి కర్ల్ అనే ఆదేశంతో తెచ్చిన స్క్రిప్టును నేరుగా సుడో బాష్‌కు అందించే ఒక వరుస ఆదేశం ఎక్కడ కనిపించినా ఆగండి. ముందు దాన్ని ఫైలుగా దింపుకొని చదవండి. చదివే ఓపిక లేని స్క్రిప్టుకు రూట్ అధికారం ఇవ్వడం ఎందుకు?

రిపోజిటరీలోకి ఎప్పటికీ చెడు రాదా? ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. దాదాపు వచ్చింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో దొంగ తలుపు ఉందని ప్రకటించాడు. తన పరీక్ష కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు, అంటే దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందని పట్టుబట్టి వెతికి దాన్ని కనిపెట్టాడు. దాన్ని పెట్టినది జియా టాన్ అనే పేరుతో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే స్థాయికి చేరిన వ్యక్తి. సంతకాలన్నీ సక్రమంగానే ఉన్నాయి! ఆ తలుపు ఉన్న 5.6.0, 5.6.1 వెర్షన్లు, కొత్తవాటిని ముందుగా పరీక్షించే డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా రాహైడ్‌లోకి వెళ్లాయి. స్థిరమైన విడుదల అయిన డెబియన్ స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు, ఎందుకంటే స్టేబుల్ కొత్త వెర్షన్ల కోసం పరుగెత్తదు. కొత్త వెర్షన్ రాలేదని మనం విసుక్కునే ఆ నిదానమే ఆ రోజు స్టేబుల్ వాడేవారిని కాపాడింది. బడికి, షాపుకు, ఆఫీసుకు స్టేబుల్‌నో, చాలా ఏళ్లు మద్దతు ఉండే ఎల్‌టీఎస్ విడుదలనో వాడమని నేను పట్టుబట్టేది ఇందుకే. పైగా విషయం బయటపడిన కొద్ది గంటల్లోనే డిస్ట్రోలు వెనక్కి తిప్పిన ప్యాకేజీని పంపాయి. విడి డెబ్ వేసుకున్నవారికి అలా ఎవరు పంపుతారు?

ఇక జిరాక్స్ షాపుల మిత్రుల చిక్కు. మన దగ్గర చాలా షాపుల్లో కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు ఉంటుంది. దానికి కావలసిన క్యాప్ట్ డ్రైవరు మామూలుగా డిస్ట్రో రిపోజిటరీలో దొరకదు. అప్పుడు యూట్యూబ్ వీడియో కింద ఎవరో పెట్టిన స్క్రిప్టును సుడోతో నడుపుతారు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు ఆ తొందర నాకు తెలుసు. అయినా డ్రైవరును కేనన్ సైటు నుంచే తెచ్చుకోండి, వీడియోలో చెప్పిన అడుగులను అర్థం చేసుకొని మీ చేత్తో ఒక్కొక్కటిగా చేయండి, ఏ ఫైలు ఏ తేదీన వేశారో కంప్యూటర్ పక్కన కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే దానికి అప్‌డేట్ దానంతట అది రాదు. డిజిటల్ సంతకపు టోకెన్ డ్రైవర్ల విషయంలోనూ ఇదే పద్ధతి, అక్కడ మరింత కచ్చితంగా. వీలైతే ఆన్‌లైన్ చెల్లింపులు చేసే కంప్యూటర్‌నూ, గిరాకీలు పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్‌నూ వేరుగా ఉంచండి.

ఇప్పుడు లాప్‌టాప్ తెచ్చినవారు తెరవండి. టెర్మినల్‌లో ఆప్ట్ లిస్ట్ అని, దాని పక్కన రెండు అడ్డగీతలతో ఇన్‌స్టాల్డ్ అని కొట్టండి. వచ్చిన వరుసల్లో చివర లోకల్ అని ఉన్నవాటిని వెతకండి. వాటికి ప్రస్తుతం ఏ రిపోజిటరీ అండా లేదు, ఎక్కువ భాగం మీరు ఎప్పుడో విడిగా వేసుకున్న డెబ్‌లే అయి ఉంటాయి. ఒక్కొక్కదాని పక్కన ఎక్కడి నుంచి తెచ్చారో రాయండి. గుర్తు రాకపోతే, రిపోజిటరీలోనో ఫ్లాట్‌హబ్‌లోనో వెరిఫైడ్ గుర్తుతో అదే దొరుకుతుందేమో చూసి, పాతది తీసివేయండి. తరువాత మింట్ వారు సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరిచి, పీపీఏలు, అదనపు రిపోజిటరీలు అన్న రెండు పేజీలు చూడండి, ఇప్పుడు వాడని ప్రోగ్రాముల కోసం చేర్చినవి ఉంటే టిక్ తీసేయండి. అప్‌డేట్ మేనేజర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆన్ చేయండి, టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాముతో ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు కూడా తీసి పెట్టండి. నేను వరుసల మధ్య తిరుగుతుంటాను, ఏ ప్యాకేజీ దగ్గర సందేహం వస్తే అక్కడ చెయ్యి ఎత్తండి.